రెడ్‌మీ 12 5జీ, గెలాక్సీ ఎం14 5జీ: సెకండ్ హ్యాండ్‌లో ఏది గిట్టుబాటు?

రెండూ 2023లో వచ్చినవే. శామ్‌సంగ్ గెలాక్సీ ఎం14 5జీ ఏప్రిల్‌లో, షావోమీ రెడ్‌మీ 12 5జీ ఆగస్టులో. కొత్తగా వచ్చినప్పుడు ఎం14 ధర 4జీబీ ర్యామ్ రకానికి 13,490 రూపాయలు, 6జీబీకి 14,990. రెడ్‌మీ బ్యాంకు ఆఫర్ కలుపుకుంటే 4జీబీ 10,999, 6జీబీ 12,499, 8జీబీ ర్యామ్‌తో 256జీబీ స్టోరేజీ ఉన్నది 14,499. ఇప్పుడు ఈ ఫోన్లు ఎక్కువగా కనిపించేది రిఫర్బిష్డ్ (బాగుచేసి మళ్లీ అమ్మే) సైట్లలో, హైదరాబాద్ అబిడ్స్ జగదీశ్ మార్కెట్ లాంటి చోట్ల, లేదా ఊళ్లో రీచార్జి షాపు అద్దాల బీరువాలో. అమ్మానాన్నలకో, ఇంటర్ చదివే పిల్లలకో తక్కువలో 5జీ ఫోన్ వెతికేవాళ్లు చివరికి ఈ రెండింటి మధ్యే ఊగిసలాడుతుంటారు.

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక: 6జీబీ రకాలు రెండూ పక్కపక్కన పెడితే, ఇంట్లో సరైన చార్జర్ ఉన్నవాళ్లకి ఎం14 గిట్టుబాటు. చార్జర్ కూడా కొనాల్సి వస్తే లెక్క మారుతుంది, చాలాసార్లు రెడ్‌మీ వైపు మొగ్గుతుంది. 4జీబీ రకాలు రెండింట్లో ఏదీ వద్దు. ఎందుకో కింద.

ముందు పేర్ల గోల తేల్చుకోవాలి, ఎందుకంటే మోసం జరిగేది ఇక్కడే. రెడ్‌మీ 12 అని 4జీ ఫోన్ కూడా ఒకటుంది, అదే రోజున, అదే రూపంతో వచ్చింది. దాంట్లో ఉన్నది మీడియాటెక్ హీలియో జీ88, దానికి 5జీ రాదు. గుర్తుపట్టడం సులువు: వెనక మూడు కెమెరాలుంటే 4జీ, రెండే ఉంటే 5జీ. కెమెరాలు ఎక్కువున్నది మంచిదనుకుని 4జీ ఫోన్‌కి 5జీ ధర పెట్టేవాళ్లున్నారు. ఎం14 సంగతీ అంతే. 2024లో స్నాప్‌డ్రాగన్ 680తో ఎం14 4జీ వచ్చింది, బ్యాటరీ 5000 ఎంఏహెచ్. ఇక్కడ కెమెరాలు లెక్కపెట్టి లాభం లేదు. సెట్టింగ్స్‌లో అబౌట్ ఫోన్ తెరిచి మోడల్ నంబరు చూడాలి. ఎస్ఎం-ఎం146 అని మొదలైతేనే 5జీ. అట్ట పెట్టె మీద అంటించిన చీటీని నమ్మొద్దు, ఫోన్ లోపల కనిపించేదే నమ్మాలి. పోకో ఎం6 ప్రో 5జీ మాత్రం రెడ్‌మీ 12 5జీకి కవల లాంటిది. అదే ప్రాసెసర్, అదే కొలతల తెర. ధర తక్కువకి వస్తే దాన్నీ ఇదే లెక్కలో చూడొచ్చు. కాకపోతే దాంట్లో 64జీబీ రకం ఉంది, దాని జోలికి పోవద్దు. వాట్సాప్ వీడియోలకే అది నిండిపోతుంది.

వేగం దగ్గర పెద్ద తేడా వెతకడం దండగ. రెడ్‌మీలో స్నాప్‌డ్రాగన్ 4 జెన్ 2, ఎం14లో ఎక్సినోస్ 1330. రెండింట్లోనూ రెండు కార్టెక్స్ ఏ78 కోర్లు, ఆరు ఏ55 కోర్లు. ఎక్సినోస్‌లో పెద్ద కోర్లు 2.4 గిగాహెర్ట్జ్ దాకా, స్నాప్‌డ్రాగన్‌లో 2.2 దాకా పరిగెడతాయి. తయారీ చూస్తే స్నాప్‌డ్రాగన్ 4 నానోమీటర్లు, ఎక్సినోస్ 5. చేతిలో పట్టుకుని వాడేటప్పుడు ఇవేవీ తెలియవు. యూపీఐ, యూట్యూబ్, మీషో, ఆన్‌లైన్ క్లాసు, రెండూ ఒకే తీరుగా నడుపుతాయి. ఆటల కోసమైతే రెండూ తక్కువ గ్రాఫిక్స్‌లో ఆడించే ఫోన్లే.

ఫోన్ నత్తనడక నడిచేది ప్రాసెసర్ వల్ల కాదు, ర్యామ్ వల్ల. ఆండ్రాయిడ్, దాని మీద కంపెనీ వేసిన తొడుగు కలిసి 4జీబీలో సగానికి పైగా తినేస్తాయి. మిగిలినదాంట్లో వాట్సాప్, ఫోన్‌పే, క్రోమ్ మూడూ పట్టవు. అందుకే ఫోన్‌పేలో పిన్ కొట్టబోతూ ఓటీపీ మెసేజ్ చూసి వెనక్కి వస్తే యాప్ మళ్లీ మొదటినుంచి తెరుచుకుంటుంది. పైసలు పోయాయేమోనని గుండె గుభేలుమనేది అప్పుడే. అమ్మేవాళ్లు '4 ప్లస్ 4, మొత్తం 8జీబీ ర్యామ్' అంటారు. ఆ రెండో 4 ర్యామ్ కాదు, స్టోరేజీలోంచి తీసి ర్యామ్‌లా వాడుకునే చోటు. శామ్‌సంగ్‌లో దాని పేరు ర్యామ్ ప్లస్, రెడ్‌మీలో మెమరీ ఎక్స్‌టెన్షన్. స్టోరేజీ వేగం ర్యామ్ వేగంలో ఏ మూలకీ చాలదు కాబట్టి దాని వల్ల యాప్‌లు మూసుకుపోకుండా కొంత ఆగుతాయేమో గానీ ఫోన్ చురుకుదనం పెరగదు. కొన్న ధరలో దానికి ఒక్క రూపాయి కూడా విలువ కట్టక్కర్లేదు.

ఇక బ్యాటరీ, చార్జర్. ఈ రెండు ఫోన్ల మధ్య డబ్బు లెక్క తేలేది ఇక్కడే. ఎం14లో 6000 ఎంఏహెచ్, రెడ్‌మీలో 5000. ఒకే వాడకానికి ఎం14 రెండో రోజు మధ్యాహ్నం దాకా వస్తే రెడ్‌మీ రెండో రోజు పొద్దున్నే చార్జర్ అడుగుతుంది. పొలం దగ్గర, డెలివరీ బండి మీద, కరెంటు కోతలుండే ఊళ్లో ఆ వెయ్యి ఎంఏహెచ్ విలువ ఎక్కువే.

కానీ ఎం14 పెట్టెలో కొత్తగా కొన్నప్పుడే చార్జర్ ఇవ్వలేదు. కేబుల్ ఒక్కటే, అదీ రెండువైపులా సి-టైప్. ఇంట్లో పడి ఉన్న పాత అడాప్టర్లకి ఉండేది చదునైన పెద్ద యూఎస్‌బీ రంధ్రం, దాంట్లో ఈ కేబుల్ దూరదు. వేరే కేబుల్‌తో ఆ పాత 10 వాట్ల అడాప్టర్ పెడితే 6000 ఎంఏహెచ్ నిండడానికి మూడు గంటలు దాటుతుంది. 25 వాట్లు అందుకోవాలంటే యూఎస్‌బీ పీడీ అనే ఉమ్మడి చార్జింగ్ పద్ధతి, అందులోనూ ఫోన్ అడిగినట్టు వోల్టేజీ మార్చే పీపీఎస్ ఉన్న అడాప్టర్ కావాలి. 65 వాట్లు, 80 వాట్లు అని రాసున్న వేరే కంపెనీల చార్జర్లు ఉన్నాయి కదా, పెడితే ఇంకా జోరుగా ఎక్కుతుంది అనుకుంటారు. ఎక్కదు. ఆ కంపెనీల సొంత పద్ధతి శామ్‌సంగ్ ఫోన్‌కి అర్థం కాదు. పీడీ కూడా లేకపోతే మామూలు నెమ్మది చార్జింగ్‌కి దిగిపోతుంది. సరైన 25 వాట్ల చార్జర్ అసలుది కొనాలంటే వెయ్యి రూపాయల పైమాటే. దాంతో గంటన్నర, రెండు గంటల్లో నిండుతుంది. బజార్లో 250 రూపాయలకు దొరికే 'ఒరిజినల్ శామ్‌సంగ్' చార్జర్ ఏ రకంగానూ ఒరిజినల్ కాదు.

రెడ్‌మీ పెట్టెలో 22.5 వాట్ల చార్జర్ ఇచ్చారు. ఫోన్ తీసుకునేది 18 వాట్లే, కాబట్టి ఆ 22.5 అంకె చూసి మురిసిపోనక్కర్లేదు. నిండడానికి రెండు గంటలు అటూ ఇటూ. సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నప్పుడు ఆ చార్జర్ చేతికొస్తోందా లేదా అన్నది ముఖ్యం. చాలామంది చార్జర్ ఉంచేసుకుని ఫోన్ ఒక్కటే అమ్ముతారు. పెట్టె, బిల్లు, అసలు చార్జర్ మూడూ లేకపోతే బేరం అక్కడినుంచే మొదలుపెట్టాలి.

తెరలు రెండూ ఎల్‌సీడీనే, ఫుల్ హెచ్‌డీ ప్లస్, 90 హెర్ట్జ్ (తెర సెకనుకు 90 సార్లు మారుతుంది). రెడ్‌మీది 6.79 అంగుళాలు, మధ్యలో చిన్న చిల్లు కెమెరా. ఎం14ది 6.6, పైన నీటిబొట్టు ఆకారం గాడి. సినిమా చూడ్డానికి రెడ్‌మీ బాగుంటుంది. ఎండలో రెండూ అంతంతే. అద్దం మాత్రం ఎం14ది గొరిల్లా గ్లాస్ 5, రెడ్‌మీది గొరిల్లా గ్లాస్ 3. వెనకవైపు తేడా ఇంకా పెద్దది. రెడ్‌మీకి వెనక కూడా అద్దమే. చూడముచ్చటగా ఉంటుంది గానీ జారిపడితే ముందు పగలకపోయినా వెనక పగలొచ్చు, మార్పించాలంటే అతికించి ఉన్న అద్దాన్ని వేడిచేసి ఊడదీయాలి. ఎం14 వెనక ప్లాస్టిక్. గీతలు పడుతుంది, పగలదు. బరువు ఎం14కి 206 గ్రాములు, మందం 9.4 మిల్లీమీటర్లు, రెడ్‌మీ 200 గ్రాముల దగ్గర, మందం 8.2. చొక్కా జేబులో పెట్టుకునే పెద్దవాళ్లకి ఎం14 కాస్త ఇటుకరాయిలా అనిపిస్తుంది.

5జీ విషయంలో రెండింటికీ భయం లేదు. మన దగ్గర జియో 5జీ నడిచేది ప్రధానంగా ఎన్78, ఎన్28 బ్యాండ్ల మీద. ఎయిర్‌టెల్‌కి ఎన్78 కీలకం. రెండు ఫోన్లలోనూ ఈ రెండు బ్యాండ్లున్నాయి. ఎన్28 అంటే 700 మెగాహెర్ట్జ్, వేగం తక్కువైనా గోడలు దాటి లోపలి గదిలోకి వస్తుంది. శామ్‌సంగ్ 13 బ్యాండ్లున్నాయని గొప్పగా చెప్పుకుంటుంది, విదేశాలు తిరిగేవాళ్లకి తప్ప ఇక్కడ దాంతో పెద్ద పని లేదు. ఒక్క మాట: 5జీ సిగ్నల్ వచ్చీరాని ఊళ్లలో ఫోన్ 5జీకీ 4జీకీ మధ్య ఊగులాడుతూ బ్యాటరీ తాగేస్తుంది, వేడెక్కుతుంది. 'బ్యాటరీ పోయింది' అని ఈ ఫోన్లను అమ్మేసేవాళ్లలో కొందరి అసలు సమస్య అదే. శామ్‌సంగ్‌లో కనెక్షన్స్, మొబైల్ నెట్‌వర్క్స్, నెట్‌వర్క్ మోడ్‌లోకి వెళ్లి 5జీ లేని వరసను ఎంచుకుంటే చాలు. రెడ్‌మీలో సిమ్ కార్డుల సెట్టింగ్‌లో ప్రిఫర్డ్ నెట్‌వర్క్ టైప్ అని ఉంటుంది.

కెమెరాల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. వెనక రెండింటికీ 50 మెగాపిక్సెల్ ఒక్కటే పనికొచ్చేది. రెడ్‌మీకి తోడుగా ఉన్న 2 మెగాపిక్సెల్‌దీ, ఎం14కి ఉన్న రెండు 2 మెగాపిక్సెల్‌వీ అలంకారం. అల్ట్రావైడ్ దేనికీ లేదు, వీడియో 1080పీ, 30 ఫ్రేముల దగ్గర ఆగుతుంది. ఆధార్, పట్టాదారు పాస్‌బుక్ లాంటివి ఫోటో తీయడానికి ఎం14లోని మాక్రో మోడ్ (మరీ దగ్గర నుంచి తీసేది) వాడొద్దు. అది ఆ 2 మెగాపిక్సెల్ కెమెరాకి మారిపోయి అక్షరాలు అలుక్కుపోతాయి. జానెడు పైనుంచి మామూలు మోడ్‌లో తీసి కత్తిరించుకోవాలి. సెల్ఫీకి ఎం14లో 13 మెగాపిక్సెల్, రెడ్‌మీలో 8. వీడియో కాల్‌లో మనవళ్ల ముఖం చూడ్డమే పని అయితే ఏదైనా ఒకటే.

సాఫ్ట్‌వేర్ దగ్గర నిలబడి ఆలోచించాలి. రెండూ ఆండ్రాయిడ్ 13తో వచ్చాయి, రెండింటికీ రెండు పెద్ద అప్‌డేట్ల హామీ ఉంది. అంటే ఆండ్రాయిడ్ 15 దగ్గర ప్రయాణం ఆగుతుంది. తేడా సెక్యూరిటీ ప్యాచ్‌ల దగ్గరుంది: షావోమీ చెప్పింది మూడేళ్లు, శామ్‌సంగ్ చెప్పింది నాలుగేళ్లు. విడుదల నుంచి లెక్కేస్తే రెడ్‌మీకి 2026 ఆగస్టు, ఎం14కి 2027 ఏప్రిల్ ప్రాంతం. మీరు కొనే రోజు నుంచి ఆ తేదీకి ఎన్ని నెలలున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టండి. కొన్న ధరని ఆ నెలలతో భాగిస్తే నెలకి ఎంత పడుతోందో తెలుస్తుంది. గడువు దాటిన మర్నాడే ఫోన్ ఆగిపోదు, బ్యాంకు యాప్‌లూ పనిచేస్తాయి. కానీ కొత్తగా బయటపడే లోపాలకి మందు ఉండదు. యూపీఐ, నెట్ బ్యాంకింగ్ అన్నీ ఆ ఫోన్లోనే నడిపేవాళ్లకి ఎం14 కొసరుగా ఇచ్చే ఆ ఎనిమిది నెలలు ఊరికే పోవు.

ప్రకటనల బెడద రెడ్‌మీకి ఎక్కువ. కొన్న రోజే ఈ పని చేయాలి: సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్స్ అండ్ సెక్యూరిటీ, అందులో ఆథరైజేషన్ అండ్ రివొకేషన్ తెరిచి, ఎంఎస్ఏ (ప్రకటనలు పంపే యాప్) ఎదురుగా ఉన్న మీట ఆపాలి. పది సెకన్లు ఆగమంటుంది, ఆ తర్వాత 'కుదరలేదు' అని ఒకటి రెండుసార్లు మొరాయించొచ్చు. నెట్ ఆన్‌లో ఉంచి మళ్లీ మళ్లీ నొక్కితే లొంగుతుంది. తర్వాత లాక్ స్క్రీన్ మీద వార్తలు, ప్రకటనలు చూపే గ్లాన్స్ ఆపాలి, షావోమీ యాప్ స్టోర్ గెట్‌యాప్స్ నోటిఫికేషన్లు ఆపాలి, సెక్యూరిటీ యాప్‌లోనూ థీమ్స్‌లోనూ 'రికమెండేషన్స్' అన్న మీటలు వెతికి ఆపాలి. అరగంట పని. శామ్‌సంగ్ కూడా ఏమంత పతివ్రత కాదు. యాప్‌క్లౌడ్ అని ఒకటి సెటప్ పూర్తిచేయమని నోటిఫికేషన్ వేస్తూ ఆటల్ని అంటగట్టాలని చూస్తుంది. యాప్స్ జాబితాలో దాన్ని డిసేబుల్ చేయాలి. అయినా మొత్తమ్మీద శామ్‌సంగ్ తక్కువ విసిగిస్తుంది. కాల్ రికార్డింగ్ దాని సొంత డయలర్‌లోనే ఉంటుంది, అవతలివాళ్లకి ప్రకటన వినిపించదు. వ్యాపారం చేసేవాళ్లు శామ్‌సంగ్ వదలకపోవడానికి ఇదో కారణం. ఒక లోటు: ఎం14లో ఉన్నది వన్ యూఐ కోర్, శామ్‌సంగ్ సాఫ్ట్‌వేర్‌లో కొన్ని సదుపాయాలు తగ్గించిన రకం, అంటే పెద్ద శామ్‌సంగ్ ఫోన్లలో ఉండే సెక్యూర్ ఫోల్డర్ (యాప్‌లు, ఫైళ్లు తాళం వేసి దాచుకునే చోటు) దీంట్లో లేదు.

రెడ్‌మీ వైపు రెండు చిన్న లాభాలు. ఐఆర్ బ్లాస్టర్ ఉంది, టీవీకీ ఏసీకీ రిమోట్‌గా పనికొస్తుంది. ఏసీ రిమోట్ పోగొట్టుకున్న ఇంట్లో దాని విలువ చెప్పనక్కర్లేదు. ఐపీ53 కూడా ఉంది, వాన తుంపరకి తట్టుకుంటుంది, బకెట్లో పడితే తట్టుకోదు. పైగా వెనక అద్దం ఒకసారి మార్చిన ఫోన్‌కి ఆ రక్షణ ఉన్నట్టు లెక్కలోకి తీసుకోవద్దు. ఇయర్‌ఫోన్ రంధ్రం, పక్క బటన్‌లో వేలిముద్ర, ఒకే స్పీకర్ రెండింటికీ సమానం.

ధర సూత్రం ఇలా పెట్టుకోవచ్చు. 6జీబీ, 128జీబీ రకాలు, ఒకే స్థితిలో ఉన్నవి తీసుకోండి. ఎం14 ధరకి చార్జర్ ఖర్చు కలపండి, ఇంట్లో పీపీఎస్ చార్జర్ ఉంటే సున్నా. రెడ్‌మీకి అసలు చార్జర్ రాకపోతే దానికీ కలపండి. ఆ మొత్తం రెడ్‌మీ కన్నా వెయ్యి రూపాయల లోపే ఎక్కువైతే ఎం14 తీసుకోండి. వెయ్యి దాటితే రెడ్‌మీ. రెడ్‌మీ 8జీబీ, 256జీబీ రకం ఎం14 6జీబీ ధరకే దొరికితే, ఇంట్లో ఫోటోలూ వీడియోలూ గుట్టలుగా పోగేసేవాళ్లుంటే, మిగతా లెక్కలన్నీ పక్కనపెట్టి అదే తీసుకోవచ్చు. రెడ్‌మీలో మెమరీ కార్డు వేయాలంటే రెండో సిమ్ చోటు వదులుకోవాలి, కాబట్టి లోపలే ఎక్కువ చోటు ఉండడం దానికి ఇంకా అవసరం.

షాపులో చేయాల్సిన తనిఖీ పావుగంట పని. ముందు *#06# కొట్టి ఐఎంఈఐ నంబర్లు (ప్రతి ఫోన్‌కీ ఉండే 15 అంకెల గుర్తింపు) చూసి పెట్టె, బిల్లు మీదున్నవాటితో సరిచూడాలి. తర్వాత మెసేజ్‌లో ఇంగ్లీషు పెద్దక్షరాల్లో కే, వై, ఎం రాసి, ఖాళీ వదిలి, ఐఎంఈఐ నంబరు కొట్టి 14422కి పంపితే ఆ నంబరు ఏ కంపెనీ, ఏ మోడల్ ఫోన్‌దో, బ్లాక్ అయిందో లేదో జవాబొస్తుంది. కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ యాప్‌లోనూ ఇది చూడొచ్చు. మోడల్ పేరు చేతిలో ఉన్న ఫోన్‌తో కలవకపోతే లేచి వచ్చేయడమే.

తెర పరీక్షకి శామ్‌సంగ్‌లో *#0*#, రెడ్‌మీలో *#*#6484#*#*. తెల్ల రంగు తెర నీలం ఛాయ కొడుతున్నా, అంచుల దగ్గర వేలు గీస్తే గీత తెగుతున్నా అది మార్చిన నకిలీ తెర. సెట్టింగ్స్‌లో 90 హెర్ట్జ్ పెట్టి జాబితా కిందికీ పైకీ జరిపి చూడాలి, కొన్ని నకిలీ తెరల మీద అది కుదురుగా నడవదు. చార్జర్ పెట్టి కేబుల్‌ని అటూ ఇటూ మెల్లగా కదపాలి. చార్జింగ్ తెగుతుంటే రంధ్రం వదులైంది, లేదా దుమ్ము చేరింది. దుమ్మైతే టూత్‌పిక్‌తో పోతుంది, వదులైతే కింది బోర్డు మార్చాలి. సిమ్ వేసి ఒక కాల్ మాట్లాడి, మాట్లాడుతుండగా ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే తెర ఆరుతోందో లేదో చూడాలి. వెనక్కి తిప్పి కెమెరా అద్దం లోపల ఆవిరి మచ్చ ఉందేమో వెలుతురులో చూడాలి, ఉంటే నీళ్లలో పడిన ఫోన్.

అన్నిటికన్నా ముఖ్యం ఖాతాలు. అమ్మేవాడు మీ ఎదుటే గూగుల్ ఖాతా తీసేయాలి, శామ్‌సంగ్ అయితే శామ్‌సంగ్ ఖాతా, రెడ్‌మీ అయితే షావోమీ ఖాతా కూడా సైన్ అవుట్ చేయాలి. ఆ తర్వాత సెట్టింగ్స్ లోపలినుంచే రీసెట్ కొట్టాలి, బటన్లు నొక్కిపట్టి చేసే రికవరీ రీసెట్ ఒప్పుకోవద్దు. రీసెట్ అయ్యాక వైఫై కలిపి హోమ్ స్క్రీన్ వచ్చేదాకా సెటప్ మీరే నడపండి. మధ్యలో పాత ఖాతా పాస్‌వర్డ్ అడిగిందంటే లాక్ ఇంకా పోలేదు. 'ఇంటికెళ్లాక ఓటీపీ చెప్తా' అన్నా ఫోన్ అక్కడే పెట్టేయండి. క్యూఆర్ స్కాన్ చేయాల్సింది హోమ్ స్క్రీన్ కనిపించాకే.